పలక మీది లెక్క

చెల్లాచెదురుగా ఉన్న వివరాలను వరుసలుగా, గళ్లుగా పేర్చి, చూడగానే పోల్చుకొనేటట్లు చేయడాన్ని ఇంగ్లిషులో ‘టాబ్యులేట్’ అంటారు. దీనికి మూలమైన ‘టాబులా’ అనే లాటిన్ పదానికి చెక్కపలక అని అర్థం. రోమన్లు మైనం పూసిన పలకల మీద ములుకుతో రాసేవారు కనుక, పలక పేరే క్రమంగా దాని మీది రాతకూ, ఆపైన వరుసలు దీర్చిన లెక్కకూ వర్తించింది. నేటి ఫ్రాన్సులోని ఆరాంజ్ పట్టణంలో క్రీ.శ. 77లో వెస్పాసియన్ చక్రవర్తి భూముల కొలతలను పాలరాతి పలకలపై చెక్కించాడు. ఏ భూమి ఎవరిదో తేల్చడానికి పలక ఎంత అవసరమైందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన భాషలోనూ ఈ సంబంధం ఉంది. సంస్కృతంలో ‘పట్టం’ అంటే పలక, దానశాసనం చెక్కిన రాగిరేకు; తెలుగులో వాడే ‘పట్టిక’, రైతు చేతిలోని ‘పట్టా’ రెండూ ఆ మూలం నుంచి వచ్చినవే.

ఆంధ్రప్రదేశ్‌లోని గొలుగొండ మండలంలో ఏ రైతయినా చూసే అడంగల్ ఇటువంటి పట్టికే. మూడో నంబరు గ్రామ లెక్క అయిన ఇందులో సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టా పల్లమా అన్న వివరం, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, పంట వరుసగా ఉంటాయి. పట్టాదారుకూ అనుభవదారుకూ వేర్వేరు గళ్లు ఉండడం వల్ల, హక్కు ఒకరిదై సాగు మరొకరిదైన చోట ఆ తేడా కాగితం మీదికి వస్తుంది.

అయితే గడి లేని సంగతి పట్టికకు అందదు. పూర్వపు గొలుగొండ ఏజెన్సీలో గిరిజనులు కొండవాలున చోటు మార్చుకుంటూ చేసిన పోడు, స్థిరమైన సర్వే నంబరు కోరే లెక్కలో ఇమడలేదు. అడవి చట్టాలు పోడును అడ్డుకోవడం, గూడెం రోడ్ల పనిలో జరిగిన వెట్టి కలిసి రగిల్చిన ఆగ్రహంతోనే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి చేసింది. వీటిలో కృష్ణదేవిపేట నేటి గొలుగొండ మండలంలోనిదే.

అలా లెక్కకెక్కని అడవి నేలపై 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద హక్కు కోరేవారికి, గ్రామ పెద్దలు చెప్పిన మాటను రాతలో పెట్టినా సాక్ష్యంగా చెల్లుతుంది. ఆ హక్కును మొదట పరిశీలించేది గ్రామసభ. పట్టికకు న్యాయం కలిగేది గళ్లు నిండినందువల్ల కాదు, ఏయే గళ్లు ఉండాలో నిర్ణయించేటప్పుడు ఆ నేలను దున్నేవారి మాట కూడా విన్నందువల్ల.