ఉర్దూ, తెలుగు అక్షరాలు డబ్బాలుగా ఎందుకు మారతాయి? ఉచిత ఫాంట్ల వెనుక ఎవరున్నారు?

పెళ్లి కార్డులో ఒకవైపు ఉర్దూ, ఇంకోవైపు తెలుగు వేయించడం మన ఇళ్లల్లో మామూలే. ఆ మేటర్‌ను ఫోన్‌లో టైప్ చేసి డీటీపీ సెంటర్‌కు పంపితే, అక్కడి కంప్యూటర్‌లో ఒక్కోసారి కొన్ని అక్షరాలు ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి. అరబీ కోసం మాత్రమే చేసిన ఫాంట్ వాడితే టే, డాల్, బడీ యే లాంటి ఉర్దూ అక్షరాలు తెగిపోయి, పదం ముక్కలవుతుంది. చాలామంది ఫోన్ పాడైందనుకుంటారు. ఎక్కువసార్లు తేడా ఫాంట్‌లోనే ఉంటుంది.

నంబర్ వేరు, రూపం వేరు

ప్రపంచ లిపుల్లోని ఒక్కో అక్షరానికి యూనికోడ్ ఒక్కో నంబర్ ఇచ్చింది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు, అరబీ లిపులు ఉన్నాయి. మనం మెసేజ్ పంపితే అవతలికి వెళ్లేది ఈ నంబర్లే. వాటికి రూపం ఇచ్చేది అవతలి ఫోన్‌లో ఉన్న ఫాంట్. ఆ నంబర్‌కు తగ్గ బొమ్మ ఏ ఫాంట్‌లోనూ లేకపోతే డబ్బా కనిపిస్తుంది.

బొమ్మలు గీస్తే పని అయిపోదు. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు నంబర్లు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఈ ఆరూ కలిసి ఒక రూపం కావాలంటే ఫాంట్ లోపల నియమాలు రాయాలి. అరబీ లిపిలో చాలా అక్షరాలకు విడిగా, పదం మొదట్లో, మధ్యలో, చివర నాలుగు రూపాలుంటాయి.

ఉర్దూ నస్తలీఖ్ ఇంకా కష్టం. అరబీ పుస్తకాల్లో కనిపించే నస్ఖ్ తిన్నని గీత మీద కూర్చుంటుంది. నస్తలీఖ్‌లో కలిసిన అక్షరాలు కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి వాలుతూ వస్తాయి. పక్క అక్షరాన్ని బట్టి రూపం మారుతుంది, చుక్కలు ఒకదానికొకటి తగలకుండా చూడాలి. అందుకే ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబ్‌ల చేతిరాత మీదే నడిచాయి. చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ పత్రిక కంప్యూటర్లు వచ్చాక కూడా చేతిరాతనే కొనసాగించి పేరు తెచ్చుకుంది.

1980ల మొదట్లో పాకిస్తాన్‌కు చెందిన మిర్జా అహ్మద్ జమీల్, వేల అక్షర కూర్పులను ముందే రాసిపెట్టి నూరీ నస్తలీఖ్‌ను కంప్యూటర్‌కు ఎక్కించారు. 1994లో ఢిల్లీ నుంచి వచ్చిన ఇన్‌పేజ్ దాన్ని డీటీపీ సెంటర్లకు చేర్చింది. పత్రికలకు అది పెద్ద ఊరట. అయితే పాత ఇన్‌పేజ్‌లో యూనికోడ్ లేదు. అందులో టైప్ చేసింది వేరేచోట పేస్ట్ చేస్తే అర్థంకాని గుర్తులయ్యేది. దాంతో చాలా ఉర్దూ పత్రికలు ఏళ్ల తరబడి వార్తలను వెబ్‌సైట్లలో బొమ్మలుగానే పెట్టాయి. ఆ వార్తల్లో ఒక పేరు కోసం ఇప్పుడు మామూలుగా సెర్చ్ చేస్తే దొరకదు.

లాభం లేని చోట వాలంటీర్లు

మంచి ఫాంట్‌కు నెలలు, ఏళ్ల శ్రమ పడుతుంది. కొనేవాళ్లు తక్కువగా ఉన్న లిపిలో ఆ ఖర్చు తిరిగి రాదు. అందుకే కంపెనీలు ముందుకు రావు. ఆ ఖాళీని పూరించినవాళ్లలో వాలంటీర్లు చాలామంది ఉన్నారు.

స్లొవేనియాకు చెందిన ప్రిమోజ్ పీటర్లిన్ 2002లో గ్నూ ఫ్రీఫాంట్ మొదలుపెట్టారు. అప్పటికే ఉచితంగా ఇచ్చేసిన అక్షరాలను పునాదిగా తీసుకుని, వేర్వేరు దేశాలవాళ్లు చేసిన లిపులను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోయారు. ఈజిప్టుకు చెందిన ఖాలిద్ హుస్నీ, కైరోలోని బూలాఖ్ ప్రెస్ 1905 నాటి అచ్చు అక్షరాలను ఆధారం చేసుకుని ‘అమీరీ’ ఫాంట్ చేశారు. ఖురాన్ ఆయతుల కోసం అందులోనే ప్రత్యేక ఫాంట్ కూడా ఉంది. అక్షరాలను కలిపి చూపించే హార్ఫ్‌బజ్ సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో పనిచేస్తోంది. ఆ పేరు ఫార్సీ నుంచి వచ్చింది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది.

తెలుగులో తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. మండలి, సూరన్న, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు సిలికానాంధ్ర ద్వారా అందరికీ అందాయి. అన్నీ వాలంటీర్ల పని అని కాదు. నోటో ఫాంట్లకు డబ్బు పెట్టింది గూగుల్, వాటిలో చాలా లిపులను గీసింది మోనోటైప్. ఆ డబ్బాలకు ‘టోఫు’ అని ముద్దుపేరు, టోఫు ఉండకూడదన్నదే నోటో పేరులోని అర్థం. నోటో నస్తలీఖ్ ఉర్దూ ఆ కుటుంబంలోదే.

ఉచితం అంటే ఏమిటి?

డబ్బు అడగని ప్రతి ఫాంట్‌నూ మార్చే హక్కు మనకుండదు. 2007లో ఎస్ఐఎల్ సంస్థ ఇచ్చిన ఓపెన్ ఫాంట్ లైసెన్స్ 1.1 ఈ విషయం తేల్చి చెబుతుంది. ఫాంట్‌ను వాడొచ్చు, కాపీ ఇవ్వొచ్చు, సరిదిద్దొచ్చు. దానితో పెళ్లి కార్డులు, పుస్తకాలు వేసి అమ్ముకోవచ్చు. ఫాంట్ ఒక్కదాన్నే అమ్మకూడదు. మార్చిన ఫాంట్‌ను కూడా ఇదే లైసెన్స్ కింద పంచాలి, అసలు పేరును రిజర్వ్ చేసి ఉంటే కొత్త పేరు పెట్టాలి.

ఈ హక్కు ఎందుకు ముఖ్యమో ఫ్రీఫాంట్ చూస్తే తెలుస్తుంది. 2012 తర్వాత దాని విడుదలలు ఆగిపోయాయి. వాలంటీర్లకూ ఉద్యోగాలు, సంసారాలు ఉంటాయి కదా. అయినా ఫైళ్లు, వాటిని మార్చే హక్కు అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి ఎవరైనా అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు. ఊరికి బావి తవ్వించినవారు లేకపోయినా నీళ్లు తోడుకోవచ్చు, పూడిక తీయొచ్చు. సదఖా-ఎ-జారియా తెలిసిన మనకు ఇది కొత్త మాటేమీ కాదు.

మనం చేయగలిగింది

మసీదు కమిటీ నోటీసు, మదరసా ప్రశ్నపత్రం, ఇంటి పెద్దల జ్ఞాపకాలు ఏవైనా యూనికోడ్‌లోనే టైప్ చేయించండి. బొమ్మతో పాటు అక్షరాల ఫైల్ కూడా దాచుకోండి. ఫాంట్ దించుకున్నప్పుడు దానితో వచ్చిన లైసెన్స్ ఫైల్ చూడండి. ఎక్కడైనా ఒక పదం తప్పుగా కనిపిస్తే ఆ పదం, స్క్రీన్‌షాట్, ఏ యాప్‌లో వచ్చిందో రాసి ఫాంట్ చేసినవాళ్లకు పంపండి. దీనికి కోడింగ్ రానక్కర్లేదు. నస్తలీఖ్‌లో చుక్క ఎక్కడ పడాలో, తెలుగు ఒత్తు ఎలా ఉండాలో చిన్నప్పటి నుంచి చదివిన కళ్లకు తెలిసినంతగా గీసిన ఇంజినీరుకు తెలియకపోవచ్చు. రెండు లిపులూ చదివే ఇళ్లు మనవి. ఆ తప్పు ముందు మన కంటికే కనబడుతుంది.