మనసు ఉడికినప్పుడు చేతులు ఏం చేయాలి?

అమెరికాలో ఆరువందల మంది కాలేజీ విద్యార్థుల చేత వ్యాసం రాయించారు. కాసేపటికి దాన్ని ఎవరో దిద్దినట్టుగా వెనక్కిచ్చారు. మార్కులు తక్కువ, పైగా ఇంత చెత్త వ్యాసం ఎప్పుడూ చదవలేదన్న ధోరణిలో ఒక వ్యాఖ్య. నిజానికి ఆ వ్యాఖ్య పరిశోధకులు పెట్టించిందే. రాసినవాళ్లకు ఒళ్లు మండాలన్నదే వాళ్ల ఉద్దేశం. తర్వాత కొందరికి బాక్సింగ్ గ్లవ్స్ ఇచ్చి, దిద్దిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దమన్నారు. ఇంకొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నారు. మిగిలినవాళ్లను రెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. ఆపైన ఆ దిద్దిన మనిషికి హెడ్‌ఫోన్లలో చెవులు చిల్లులు పడే శబ్దం వినిపించే అవకాశం అందరికీ ఇచ్చారు. తిట్టినవాణ్ని తలుచుకుంటూ గుద్దినవాళ్ల కోపమే అందరికంటే ఎక్కువగా మిగిలింది, శబ్దం దగ్గర దూకుడూ వాళ్లదే. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లు అందరికంటే తక్కువ దూకుడు చూపించారు.

బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో ప్రచురించిన ఈ ప్రయోగం, చాలామంది గట్టిగా నమ్మే మాటకు అడ్డం తిరిగింది. ‘లోపల దాచుకోకు, ఒక్కసారి అరిచెయ్, తేలికవుతుంది’ అని ఇంట్లోవాళ్లూ చెబుతారు, స్నేహితులూ చెబుతారు. డబ్బు కడితే సీసాలూ పాత టీవీలూ పగలగొట్టుకోనిచ్చే ‘రేజ్ రూమ్’లు హైదరాబాద్ దాకా వచ్చేశాయి. అరిచాక తేలిగ్గా అనిపించడం అబద్ధమేమీ కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. అరిస్తే హాయిగా ఉంటుందని ఒకసారి ఒంటికి తెలిశాక, మరోసారి ఇంకాస్త త్వరగా గొంతు లేస్తుంది. 2024లో బుష్‌మన్, సోఫీ క్యార్విక్ కలిసి 154 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను ఒక్కచోట చేర్చి చూశారు. నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, ధ్యానం, యోగా, బిగుసుకున్న కండరాలను వదులు చేయడం లాంటి పనులు కోపాన్ని దించాయి. గుండె వేగాన్ని పెంచే పనులు మొత్తం మీద దించలేదు. జాగింగ్ అయితే కాస్త పెంచింది కూడా. పరుగు గుండెకు మేలు చేసేదే. గొడవ జరిగిన పది నిమిషాలకు మాత్రం అది మందు కాదు.

అలాగని మింగేసి ఊరుకోవాలా? అదీ కుదరదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ 1993లో కొందరికి చెయ్యి తొలగించే శస్త్రచికిత్స లాంటి వెగటు పుట్టించే దృశ్యాలు చూపించారు. లోపల ఏమనిపిస్తున్నా ముఖంలో కనబడనివ్వొద్దని కొంతమందికి చెప్పారు. వాళ్లు ముఖాన్ని అదుపులో పెట్టుకోగలిగారు కానీ లోపలి జుగుప్స ఏమాత్రం తగ్గలేదు. పైగా దాచే ప్రయత్నం వల్ల శరీరంలో, ముఖ్యంగా రక్తనాళాల్లో ఉద్రిక్తత పెరిగింది. పదేళ్ల తర్వాత ఎమిలీ బట్లర్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఒకరికొకరు తెలియని ఇద్దరు ఆడవాళ్లు, చూసిన బాధాకరమైన సినిమా గురించి మాట్లాడుకుంటున్నారు. అందులో ఒకరికి మాత్రం, రెండోవాళ్లకు తెలియకుండా, భావాలేవీ బయటపెట్టొద్దని చెప్పారు. అప్పుడు ఆ ఎదుటి మనిషికి రక్తపోటు పెరిగింది. ‘ఏమీ లేదులే’ అంటూ మొహం బిగించుకుని తిరిగే మనిషి ఉన్న ఇంట్లో మిగతావాళ్లకు ఊపిరాడనట్టు ఎందుకుంటుందో ఈ ప్రయోగం చదివితే అర్థమవుతుంది.

అరవడమూ అలవాటే, మింగేయడమూ అలవాటే. కోపం, దిగులు, భయం రావడం మనిషి చేతుల్లో లేదు. అవి వచ్చాక మొదట చేసే పని మాత్రం చాలావరకు ఎన్నో ఏళ్లుగా అరిగిన దారి. ఆ పనిని మానేయమని ఒట్టు పెట్టించుకుంటే నిలవదు. దాని చోట మరో పనిని పెట్టాలి, అదీ చిన్నదై ఉండాలి, అదే చోట, అదే సమయానికి చేసేదై ఉండాలి.

గోళ్లు కొరికే అలవాటు నేర్పిన పాఠం

ఈ సూత్రాన్ని మొదట పద్ధతిగా వాడినవాళ్లలో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ ఉన్నారు. గోళ్లు కొరకడం, ముఖం చిట్లించడం, భుజం ఎగరేయడం లాంటి అలవాట్లు మానలేనివాళ్ల కోసం వాళ్లు 1973లో ఒక చికిత్స ప్రకటించారు. చెయ్యి నోటి వైపు లేవబోతున్న మొదటి కదలికను పట్టుకోవడం అందులో తొలి మెట్టు. ఆ వెంటనే, గోరు కొరకడం అసాధ్యమయ్యేలా పిడికిలి బిగించడమో, ఏదైనా వస్తువును గట్టిగా పట్టుకోవడమో చేసి కొద్ది నిమిషాలు అలాగే ఉండాలి. నేటికీ అసంకల్పిత కదలికలకు వైద్యులు వాడే చికిత్సల్లో ఇది ముందు వరుసలో ఉంది.

కోపానికీ ఇలాంటి మొదటి కదలిక ఉంటుంది. కొందరికి దవడ బిగుసుకుంటుంది, కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరు ఎదుటివాళ్లు మాట పూర్తి చేయకముందే జవాబు వెతుక్కుంటారు. తన సంకేతం ఏదో ఎవరికి వాళ్లే గమనించుకోవాలి. గమనించాక ఏం చేయాలన్నది అప్పటికప్పుడు ఆలోచించుకుంటే ఆలస్యమైపోతుంది. అందుకే జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ ‘ఇలా జరిగితే అలా చేస్తాను’ అని ముందే వాక్యం కట్టుకోమన్నారు. ‘ఇకమీద పిల్లల మీద అరవను’ అన్న తీర్మానం గాల్లో ఉంటుంది. ‘ఇంటికి వచ్చేసరికి బాబు హోంవర్కు మొదలుపెట్టకపోతే, ముందు కాళ్లు కడుక్కుని మంచినీళ్లు తాగి, వాడి పక్కన కూర్చున్నాకే అడుగుతాను’ అన్నది ఒంటికి అర్థమయ్యే ఆజ్ఞ. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలో అందులోనే ఉంది.

ఎన్నాళ్లకు కుదురుకుంటుంది? ఇరవై ఒక్క రోజులన్న మాట బాగా ప్రచారంలో ఉంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించినప్పుడు సగటున 66 రోజులు పట్టింది. త్వరగా కుదిరినవాళ్లకు 18 రోజులు, నిదానంగా కుదిరేవాళ్లకు 254 రోజుల లెక్క తేలింది. అది నీళ్లు తాగడం, నడవడం లాంటి పనుల మీద జరిగిన అధ్యయనం. భావోద్వేగాల అలవాట్లకు ఇంకా ఎక్కువే పట్టవచ్చు. అదే అధ్యయనంలో మరో ధైర్యం కూడా దొరికింది. మధ్యలో ఒకరోజు తప్పిపోయినంత మాత్రాన అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా కాలేదు.

నెమరు వేసే మనసు

కోపం కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. దిగులు అలా కాదు. ‘నాకే ఎందుకిలా?’ అని జరిగినదాన్నే తిరగేసి మరగేసి తలుచుకోవడం చూసేవాళ్లకు మౌనంలా కనిపిస్తుంది, తలుచుకునేవాళ్లకు ఆలోచనలా అనిపిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన సూసన్ నోలెన్-హోక్సెమా విద్యార్థులకు ఈ అలవాటు ఎంత ఉందో ప్రశ్నావళితో కొలిచారు. రెండు వారాలకే, 1989 అక్టోబరు 17న, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని భారీ భూకంపం కుదిపేసింది. అనుకోకుండా ఒక ప్రయోగం సిద్ధమైపోయింది. పది రోజులకూ, ఏడు వారాలకూ ఆమె అదే విద్యార్థులను మళ్లీ పలకరించారు. భూకంపానికి ముందే నెమరు వేసే అలవాటు ఎక్కువున్నవాళ్లలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

దీని చోట ఏ పనిని పెట్టాలన్నదానికి గట్టి జవాబుల్లో ఒకటి గోవా పల్లెల నుంచి వచ్చింది. వైద్యుడు విక్రమ్ పటేల్, సంగాత్ సంస్థ కలిసి అక్కడి 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, కుంగుబాటు తీవ్రంగా ఉన్న 495 మందితో ఒక పరీక్ష నడిపారు. సలహా ఇచ్చినవాళ్లు మానసిక వైద్యులు కారు, మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లూ కారు. స్థానికంగా ఎంపిక చేసి కొద్ది వారాలు శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఆరోగ్య కేంద్రంలోనో రోగి ఇంట్లోనో కూర్చుని మాట్లాడేవారు. బాల్యాన్ని తవ్వడం లేదు. రోజు ఎలా గడుస్తోంది, దిగులు మొదలయ్యాక ఏయే పనులు ఆగిపోయాయి, అందులో ఈ వారం ఏ ఒక్కటి మొదలుపెట్టగలరు? మాటలన్నీ దాదాపు వీటి చుట్టూనే. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని కూర్చుంటే ఉత్సాహం రాదు. పని మొదలుపెడితే వెనకాలే వస్తుందన్నది ఈ చికిత్స నమ్మకం.

2017లో లాన్సెట్ వైద్య పత్రిక ఈ ఫలితాలు ప్రచురించింది. మూడు నెలలకు ఈ సలహా అందినవాళ్లలో 64 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు. అది లేకుండా మెరుగైన మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 శాతం. ఏడాది తర్వాత కూడా మేలు నిలిచింది. ఆ మేలులో పెద్ద వాటా రోజువారీ పనుల్లోకి తిరిగి అడుగుపెట్టడం వల్లే వచ్చిందని తర్వాతి విశ్లేషణ తేల్చింది. మానసిక సమస్య ఉన్నవాళ్లలో 70 శాతానికి పైగా మందికి చికిత్సే అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. మన పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లోనూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, కుంగిపోతున్నవాళ్లను గుర్తించి డాక్టరు దాకా చేర్చే కార్యక్రమం నడిపింది. ఇంటికొచ్చి పలకరించే ఆశమ్మ దగ్గర నోరు విప్పడం, ఊళ్లోవాళ్లు చూస్తుండగా ఆస్పత్రి మెట్లెక్కడం కంటే చాలామందికి సులువు.

భయం దారి వేరు. అది తప్పించుకోమంటుంది, తప్పించుకున్న కొద్దీ పెరుగుతుంది. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే 19 ఏళ్ల కుర్రాడికి ఆడపిల్లలతో మాట్లాడాలంటే వణుకు. బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కు నెల రోజులు వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా కనిపించిన ప్రతి అమ్మాయినీ పలకరించాలని నిశ్చయించుకున్నాడు. వందమందిని పలకరించాడు. ఒక్కరే మళ్లీ కలుస్తానన్నారు, ఆమె కూడా రాలేదు. కానీ వణుకు పోయింది. ఆ కుర్రాడే తర్వాత 1955లో, ఆలోచనల తీరును సరిచేసే మానసిక చికిత్సకు పునాది వేశారు.

కోపంలో న్యాయం ఉన్నప్పుడు

ఇంతవరకు చదివి, జీతం ఎగ్గొట్టిన యజమాని ముందు కూడా నెమ్మదిగా ఊపిరి తీయాలన్నమాట అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. దెబ్బలు తినే ఇల్లాలికి ధ్యానం నేర్పి పంపడం సహాయం కాదు, అన్యాయం. న్యాయమైన కోపానికీ కానిదానికీ ఉన్న ఈ తేడాను చికిత్సలోనే పొందుపరిచిన మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లినెహన్. 17 ఏళ్ల వయసులో, 1961లో, హార్ట్‌ఫర్డ్‌లోని మానసిక వైద్యశాలలో తానే రోగిగా గడిపినట్టు 2011లో అదే చోట నిలబడి ప్రకటించారామె. మనసు తోసే దిక్కుకు ఎదురు దిక్కున నడవమంటుంది ఆమె పద్ధతి. దిగులు మంచం ఎక్కమంటే లేచి కదలాలి, కోపం మీదకు దూకమంటే మెల్లగా పక్కకు జరగాలి. అయితే దానికి ముందు ఒక ప్రశ్న వేసుకోమంటుంది: జరిగినదానికి ఈ భావం తగినదేనా? తగినదైతే దాన్ని అణచడం కాదు, దాని వెనకున్న సమస్యను పట్టుకోవాలి. జింబాబ్వేలో 2006 నుంచి ఆస్పత్రుల ఆవరణలో చెక్క బెంచీల మీద కూర్చుని కుంగినవాళ్ల మాట వినే అమ్మమ్మలు చేస్తున్నదీ ఇదే. వైద్యుడు డిక్సన్ చిబాండా 14 మందితో మొదలుపెట్టిన ఈ పనిలో, సమస్యలన్నీ చెప్పించి, అందులో ఒకదాన్ని ఎంచుకోమంటారు, ఆ ఒక్కదానికి చేయగలిగే పని ఏమిటో వచ్చినవాళ్ల చేతే చెప్పిస్తారు.

మన నేల మీద దీనికి గొప్ప ఉదాహరణ నెల్లూరు జిల్లా దూబగుంట. సారా తాగి వచ్చి కొట్టే మొగుళ్ల మీద ఆ ఊరి ఆడవాళ్లకు కోపం కొత్తగా వచ్చింది కాదు. ఎవరింట్లో వాళ్లు ఏడవడం, శాపనార్థాలు పెట్టడం, పిల్లల మీద ఆ కసి తీర్చుకోవడం అప్పటిదాకా ఉన్న దారులు. 1990ల మొదట్లో అక్షర దీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం నడిపిన రాత్రి బడుల్లో పలకా బలపం పట్టుకుని ఒకచోట కూర్చున్నప్పుడు ఆ కోపానికి మాట దొరికింది, మాటకు తోడు దొరికింది. రోశమ్మ లాంటి ఆడవాళ్లు ముందు నిలిచి ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. దుకాణాలు మూయించే పని ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాను నిషేధించారు. ఆ ఆడవాళ్లు కోపాన్ని తగ్గించుకోలేదు, అది చేసే పనిని మార్చారు.

అందరికీ ఊరు తోడు రాదు. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్రా తిండీ తప్పుతుంటే, చావు ఆలోచనలు వస్తుంటే, కోపంలో చెయ్యి లేస్తుంటే ఇంట్లో చేసుకునే సాధనలతో కాలం గడపకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ చేశాక ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేశారో వరసగా చెప్పినా చాలు.