చిన్న కుక్కకు మెడత్రాడా, రొమ్ముపట్టీయా?

పశువుల పలుపునే కుక్క మెడకు బిగించి లాగికొనిపోవుట నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టపల్లెలలో తరచుగా కనబడు దృశ్యము. గొల్ల కురుమల మందలవెంట తిరుగు కుక్కకు త్రాటితో పని లేదు; అది కాపరి పిలుపునకే వచ్చును. ఇండ్లలో పెంచు పొమరేనియన్ వంటి పొట్టి కుక్కల సంగతి వేరు. వీధిలోనికైనను, పశువైద్యశాలకైనను వానిని త్రాటితోనే తీసికొనిపోవలెను. ఆ త్రాడు ఎట్టిదై యుండవలెనను ప్రశ్న యజమానికి మాత్రమే సంబంధించినదని పంచాయతీ సభ్యులు తలంపరాదు.

దేవరకొండ ప్రాంతమున ఒక గ్రామములో పిచ్చికుక్క వ్యాధి నిరోధక టీకాల శిబిరమును చూడబోయితిమి. వరుసలోనున్న ఒక పొట్టికుక్క, ప్రక్కనున్న పెద్దకుక్క మొరుగగా బెదరి వెనుకకు గుంజుకొన్నది. మెడత్రాడు చెవులమీదుగా జారి యజమాని చేతిలో మిగిలినది. కుక్క జనులమధ్య దూరి, పట్టబోయిన బాలుని చేతిని కరచినది. అప్పటికి దానికి టీకా పడలేదు. బాలుని గాయము కడిగించి, నాడే ఆసుపత్రికి పంపి సూదులు మొదలుపెట్టింపవలసి వచ్చినది. త్రాడు మరికొంత బిగించియున్నచో జారకుండెడిదని అచ్చటివారనిరి. మేము దాని కంగీకరింపలేదు.

కుక్క శ్వాసనాళము మృదులాస్థి వలయములతో నిలిచియుండును. పొట్టిజాతులలో కొన్నిటికి ఈ వలయములు బలహీనమైనవి. మెడను పదేపదే గుంజినచో నాళము అణగి, కుక్క బాతు అరచినట్లు దగ్గును, ఊపిరాడక బాధపడును. రొమ్ముపట్టీ తొడిగినచో గుంజుడు బరువు మెడపై గాక రొమ్ము ఎముకపై పడును.

అయితే పట్టీ యనిన ప్రతిదియు మంచిది కాదు. ముందుకాళ్ళ వెనుక రొమ్ము చుట్టుకొలత తీసి, ఆ కొలతకే కొనవలెను. భుజముల కడ్డముగా పోవు పట్టీ నడకను ఆపును. మెడ మొదటనుండి రెండు పాయలుగా దిగి రొమ్ముపై కలియునది మేలు. పొట్టపట్టీ చంకలో ఒరసికొనక కొంచెము వెనుకకు ఉండవలెను. పట్టీకిని ఒంటికిని నడుమ రెండు వ్రేళ్ళు, మరీ చిన్న కుక్కకు ఒక వ్రేలు, దూరవలెను. తరువాత దొడ్డిలో, తలుపు మూసి, కుక్క ఎదుట నిలిచి త్రాటిని మెల్లగా లాగి చూడుడు. వెనుకకు జరిగి పట్టీనుండి బయటపడినచో అది వీధికి పనికిరాదు. బెదరు కుక్కకు నడుమువద్ద మూడవ పట్టీ గలదానిని ఎన్నుకొనవలెను.

అంగడిలో దొరకనిచో మంచపు నవారుతో ఊరి దర్జీయే కుట్టగలడు. కడియము మాత్రము అతుకువేసిన గట్టిదై యుండవలెను. వంచిన తీగ కొక్కెము ఒక్క గుంజుడుకు విప్పుకొనును. పాత గొంగడి ముక్కను లోపల మెత్తగా వేయుదుమని కొందరు చెప్పిరి. గొంగడి చలికి మంచిదే గాని, మన వేసవిలో ఆ ముతక ఉన్ని చర్మమును గీరును. పాత నూలుబట్ట చాలును. ఇంటికి రాగానే పట్టీ విప్పి, దానిక్రింద పిడుదులు, తుమ్మముళ్ళు ఉన్నవేమో చూడవలెను.

రొమ్ముపట్టీ నడకకే గాని కట్టివేయుటకు గాదు. విడిచిపోయినచో కుక్క దానిలో చిక్కుకొనును, లేదా కొరికివేయును. కుక్కను మితిమీరి పొట్టియైన లేక బరువైన గొలుసుతో చాలసేపు కట్టియుంచుటయు, నిత్యము కట్టియుంచు కుక్కను నడిపింపకుండుటయు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ విభాగము ననుసరించి నేరములు. నల్లమల అంచున అమ్రాబాద్ వైపు గ్రామములలో రాత్రి ఆరుబయట కట్టిన కుక్క చిరుతపులికి సులభమైన ఆహారము. అచ్చట దానిని ఇంటిలోనే యుంచవలెను.

1885 జూలై 6న పాస్చర్ పిచ్చికుక్క కరచిన బాలునకు తొలిసారి టీకా వేసెను. ఆ జ్ఞాపకార్థము జూలై 6 జంతువులనుండి సంక్రమించు వ్యాధుల దినముగా పాటింపబడుచున్నది. ఆనాడు శిబిరము పెట్టించు పంచాయతీ, వారము ముందే చాటింపు వేయించి, మూడు నెలలు నిండిన ప్రతి కుక్కను పట్టీతో తీసికొనిరమ్మని తెలుపవలెను. ఎవరినైన కుక్క కరచినచో గాయమును పదునైదు నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడిగి, పసుపు, సున్నము పూయక వెంటనే వైద్యునికడకు పంపవలెను; కుక్కకు టీకా పడియున్నను సరే. శిబిరమువద్ద రెండు మూడు కొలతల పట్టీలు సిద్ధముగా నున్నచో, పలుపుతో వచ్చిన కుక్కకు వరుసలో చేరకముందే తొడిగింపవచ్చును.