మామిడి బెరడు మీద తెల్ల మచ్చ.. ఇంతకీ ఎవరది?

మంచిర్యాల చుట్టుపక్కల పాత మామిడి చెట్టు కనిపిస్తే ఓసారి ఆగి బెరడు చూడండి. ఎవరో సున్నం చిలకరించినట్టు బూడిద తెలుపు మచ్చలుంటే ‘చెట్టుకు తెగులు పట్టింది’ అనేస్తాం. తెగులు కాదు, లైకెన్. ఒక శిలీంధ్రమూ ఒక నాచూ కలిసి కాపురం పెడితే తయారైన జీవి. చెట్టు తిండి లాక్కోదు, ఉండటానికి చోటు వాడుకుంటుంది, అంతే. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా ఈ బాపతే కాబట్టి మనకు పాత చుట్టమే!

దీనికి చెట్లకున్నట్టు వేళ్లుండవు. గాలీ వానా ఏది తెస్తే అదే తీసుకుంటుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. అందుకే ఏళ్ల తరబడి గాలిలో వచ్చిన లోహాలు దాని ఒంట్లో పేరుకుంటాయి. బొగ్గు గనులు, జైపూర్‌లో 1200 మెగావాట్ల సింగరేణి థర్మల్ కేంద్రం ఉన్న జిల్లాకు ఇది చిన్న సంగతేం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీ జిల్లాలో బొగ్గు విద్యుత్ కేంద్రం చుట్టూ లక్నో జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లైకెన్లు సేకరించి లోహాలు కొలిచారు. అలా కొలిచిన వాటిలో పిక్సీన్ కోకోస్ ఒకటి.

చిక్కు ఎక్కడంటే, దానికో జోడీ ఉంది. పేరు డిరినేరియా అప్లనేటా. రంగు అదే, బెరడుకు అతుక్కుపోయే తీరూ అదే. గడ్డి బీడులో ఒంటరిగా నిలిచిన చెట్టు లాంటి ఎండ తగిలే చోట్లంటేనే రెంటికీ ఇష్టం. ఒక్కో జాతి లోహాలను ఒక్కోలా పీల్చుకుంటుంది. జైపూర్ దగ్గర ఒకదాన్నీ, కవ్వాల్ అడవి పక్కన జన్నారంలో ఇంకోదాన్నీ తెచ్చి పోల్చారనుకోండి, లెక్క మొత్తం తప్పుతుంది.

మరెలా గుర్తుపట్టాలి? నోట్లు అసలువో నకిలీవో చూసే అల్ట్రావయొలెట్ టార్చి చాలు. 365 నానోమీటర్లదైతే మరీ మంచిది. ఫోన్ ఫ్లాష్ పనికిరాదు. చీకటి పడ్డాక వెలుతురు వేస్తే పిక్సీన్ కోకోస్ పైభాగం పసుపుగా మెరుస్తుంది. లైకెక్సాంథోన్ అనే పదార్థం వల్ల ఆ మెరుపు. డిరినేరియాలో అది లేదు, పైన పసుపు కనపడదు. టార్చి కాంతిని మాత్రం కళ్లలోకి కొట్టుకోకండి.

ల్యాబ్‌లో దీనికి సరిగ్గా తిరగేసిన పరీక్ష ఉంది. కాస్టిక్ పొటాష్ ద్రావణం ఒక్క చుక్క వేస్తే ఈసారి పసుపెక్కేది డిరినేరియా, పిక్సీన్ కోకోస్ పైపొర మారదు. ఇది ఇంట్లో చేసే పని కాదు, చర్మం కాలుతుంది.

అంచు నుంచి గోరంత ముక్క తీసి పది రెట్ల లెన్స్‌తో అడుగు చూడటం ఇంకో దారి. పిక్సీన్‌కు బెరడును పట్టుకునే సన్నటి వేరులాంటి పోగులుంటాయి, డిరినేరియాకు ఉండవు.

టార్చి ఒక్కటే నమ్ముకున్నా ఇబ్బందే. పిక్సీన్ సబ్‌సినేరియా అనే దాయాది కూడా అలాగే మెరుస్తుంది. దాన్ని కాస్త గీకితే లోపలి పొర పసుపుగా ఉంటుంది, కోకోస్‌లో తెల్లగానో లేత గడ్డి రంగులోనో కనిపిస్తుంది.

ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టేటప్పుడు పక్కన ఓ రూపాయి బిళ్ల ఉంచి మామూలు ఫొటో, చీకట్లో టార్చి వేసి ఒకటి, అడుగు భాగానిది ఒకటి తీయండి. పై నుంచి తీసిన ఒక్క ఫొటోతో ఈ జోడీని విడదీయడం అలవాటున్నవాళ్లకూ కష్టమే.