ఇంజన్ పగిలితే ఇల్లంతా దిగులే!

"ఏమే, జల్ది బిందెడు నీళ్లు పట్టుకరా! బండి మరుగుతున్నది!"

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఎండాకాలం దుక్కుల వేళ పొలం గట్టు మీద ఈ కేక మామూలే. సద్ది తెచ్చిన ఇల్లాలు గబగబా నీళ్లు అందిస్తుంది. కుతకుతలాడే రేడియేటర్‌లో ఆ చన్నీళ్లు గుమ్మరిస్తారు. ఆ తొందరలోనే ఒక్కోసారి ఇంజన్ బ్లాకు పగులుతుంది. దుక్కి ఆగుతుంది, బండి వాయిదా మాత్రం ఆగదు! అందుకే ఇది మగవాళ్ల సంగతి అనుకోకుండా మనమూ తెలుసుకుందాం.

ఎందుకు పగులుతుంది?

బ్లాకును సాధారణంగా బీడుతో, అంటే పోత ఇనుముతో చేస్తారు. ఇందులో కర్బనం 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. అందుకే గట్టిగా ఉంటుంది గానీ వంగదు. వేడి గాజు గ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో మనకు తెలుసు కదా! ఇదీ అంతే. మంచు దేశాల్లో ఇంజన్‌లోని నీళ్లు గడ్డకట్టి, సుమారు 9 శాతం ఉబ్బి బ్లాకును చీలుస్తాయి. మన దగ్గర ఆ పని వేడి చేస్తుంది.

మన బోరునీళ్లు మరో కారణం. నీళ్లు కాచే గిన్నెలో తెల్లగా పేరుకునే పొర ఇంజన్‌లోని నీటి దారుల్లోనూ కడుతుంది. వేడి బయటికి పోనివ్వదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక బావుల మీద ఆయిల్ ఇంజన్లు తగ్గాయి. ట్రాక్టర్లకు మాత్రం ఈ బెడద అలాగే ఉంది.

గుర్తులు ఇవీ...

నీళ్లు కారకుండానే తరిగిపోతుంటే, ఆయిల్ పాలు కలిసిన చాయ్ రంగుకు మారితే, తెల్లని పొగ ఆగకుండా వస్తుంటే అనుమానించండి. పగులు కనబడకపోతే ఓ చిట్కా: ఇంజన్ పూర్తిగా చల్లారాక అనుమానం ఉన్నచోట కిరోసిన్ రాయాలి. కాసేపాగి పైన పొడిగా తుడిచి, మెత్తని సుద్దపొడి అద్దాలి. పగులులో దాగిన కిరోసిన్ పొడిని తడిపి గీతలా బయటపడుతుంది. దగ్గరలో పొయ్యి, బీడీ ఉండకూడదు సుమా!

ఇంట్లో చేయగలిగింది ఎంత?

నీళ్లుండే భాగానికి బయటివైపు సన్నని పగులైతేనే ఇంటి వైద్యం. నీళ్లు దించేసి, వైరు బ్రష్‌తో, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాలి. జిడ్డు మిగలకూడదు. పగులు రెండు కొసల్లో డ్రిల్లుతో చిన్న రంధ్రం వేయించాలి. చిరిగిన బట్ట మరింత చిరగకుండా కొసన కుట్టు వేస్తాం చూడండి, అలాగన్నమాట! తర్వాత వేడికి తట్టుకునే, రెండు ముద్దలుగా దొరికే లోహపు సీలును ప్యాకెట్‌పై చెప్పిన పాళ్లలో కలిపి, లోపలికి దిగేలా నొక్కి పూయాలి. ఒక రోజంతా ఆరనివ్వాలి. చేతులకు ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. కలపడానికి వంటింటి పళ్లెం, గరిటె మాత్రం ఇవ్వకండి.

ఇది బండిని షెడ్డు దాకా చేర్చే కట్టు మాత్రమే. పిస్టన్ తిరిగే గోడకో, ఆయిల్ దారికో పగులు వస్తే, ఆయిల్‌లో నీళ్లు కలిస్తే ఇంజన్ స్టార్టు చేయకండి. మొత్తం ఇంజనే పాడయ్యే ప్రమాదం ఉంది.

వెల్డింగ్ చేయిస్తున్నారా?

మామూలు ఇనుముకు చేసినట్టు బీడుకు చేస్తే పక్కనే మరో పగులు వస్తుంది. బీడు పని తెలిసినవారు ముక్కను ముందు వేడి చేసి, నికెల్ రాడ్డుతో కొంచెం కొంచెంగా అతికి, పొడి ఇసుకలోనో బూడిదలోనో కప్పి మెల్లగా చల్లారనిస్తారు. వేడి చేయకుండా లోహపు మరలను వరుసగా బిగించి పగులును కుట్టే పద్ధతి కూడా ఉంది. డబ్బిచ్చే ముందు "బీడుకు ఏ రాడ్డు వాడతారు? ఎట్లా చల్లారుస్తారు?" అని అడగండి. తడబడితే మరో షాపు చూసుకోండి.

రాకుండా చూసుకుంటే...

* మరిగే రేడియేటర్ మూత తీయవద్దు. ఆవిరి ఎగజిమ్మి ముఖం, చేతులు కాలతాయి.
* ఇంజన్ ఆపి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి.
* బోరునీళ్లకు బదులు కంపెనీవారు చెప్పిన కూలెంట్ వాడితే మేలు.
* పాచి వదిలిస్తుందని చింతపండు రసం, వెనిగర్ పోయకండి. లోహం తినేస్తుంది.
* పొద్దున్నే బండి తీసేముందు నీళ్లు, ఆయిల్ చూడటం పాలపొంగు చూసుకున్నంత అలవాటు కావాలి.

ఈసారి పొలం గట్టు మీద ఆ కేక వినబడితే బిందె కింద పెట్టి, "ఆగుండ్రి, జర సల్లారనియ్యిండ్రి!" అనండి. ఆ అరగంట ఓపిక మీ ఇంటికి ఒక పంట కాలాన్ని మిగల్చవచ్చు.