శిక్షకులు మారినప్పుడు

విశాఖపట్నంలోని నౌకాదళ వైమానిక కేంద్రానికి పెట్టిన పేరు అచ్చ తెలుగు మాట, 'డేగ'. అది 1991లో ప్రారంభమైంది. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని చూసిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి హెలికాప్టరు శబ్దం కొత్త కాదు. వేటకు వెళ్లిన పడవ తిరిగి రాకపోతే తీరంలో అందరి కళ్లూ ఆకాశం వైపే ఉంటాయి. అయితే ఆ పైలట్లు ఎలా తయారవుతారన్నది మనం ఆలోచించేది తక్కువ.

నౌకాదళ హెలికాప్టరు పైలట్లకు తమిళనాడులోని అరక్కోణంలో, ఐ.ఎన్.ఎస్. రాజాళిలో శిక్షణ ఇస్తారు. ఎక్కడ నేర్చుకున్నా తొలి పాఠాల్లో ఒకటి 'సర్క్యూట్'. గాలికి ఎదురుగా లేచి, పక్కకు తిరిగి, దిగాల్సిన చోటుకు సమాంతరంగా వెనక్కు ఎగిరి, మళ్లీ తిరిగి గాలికి ఎదురుగానే దిగాలి. వినడానికి చిన్న చుట్టే. దాన్నే పదే పదే చేయిస్తారు.

చిక్కు ఎక్కడంటే, పక్క సీట్లో రోజూ ఒకే శిక్షకుడు ఉండకపోవచ్చు. ఒకాయన దూరంగా ఉన్న చెట్టు మీద చూపు నిలపమంటాడు. ఇంకొకాయన వేగం చూపే మీటరును మరిచిపోవద్దంటాడు. ఒకరు మెచ్చుకున్న మలుపును మరొకరు తప్పుపడతారు. కాని గాలి దిశ ఎవరి ఇష్టాన్నిబట్టీ మారదు. ముందుకు వెళ్లే వేగం బాగా తగ్గించి నిటారుగా త్వరత్వరగా దిగితే, రోటరు తాను కిందికి తోసిన గాలిలోనే చిక్కుకుంటుంది. పడిపోతున్నామన్న భయంతో ఎడమచేతి లీవరును ఇంకా పైకి లాగితే ఇంకా దిగిపోతుంది. లీవరు తగ్గించి, ముక్కు కాస్త వంచి ముందుకు సాగితే బయటపడవచ్చు. ఇది ఏ శిక్షకుడి సొంత అభిప్రాయమూ కాదు.

ఇంకొక నియమం ఉంది. శిక్షణ హెలికాప్టరులో కంట్రోల్స్ ఇద్దరి ముందూ ఉంటాయి. అవి ఎవరి చేతిలో ఉన్నాయో పైకి చెప్పాలి, రెండోవారు ఆ మాట అందుకుని బదులివ్వాలి. ఆయనే నడుపుతున్నాడని ఇతడు, ఇతడే నడుపుతున్నాడని ఆయన అనుకుంటే ఎవరూ నడపనట్లే.

పాస్టర్లు మారినప్పుడు మన సంఘాల్లో జరిగేది సరిగ్గా ఇదే. ఒక అయ్యగారు ఉపవాస కూడికలకు ప్రాధాన్యమిస్తారు, తరువాత వచ్చినవారు వాక్య ధ్యానానికి. ఒకరు బాప్తిస్మానికి ఆరు నెలలు ఆగమంటారు, ఇంకొకరు వచ్చే ఆదివారమే సిద్ధపడమంటారు. పాత విశ్వాసులు రెండు పక్షాలవుతారు. నిన్నగాక మొన్న రక్షణలోకి వచ్చినవాడు ఎవరి మాట వినాలో తెలియక నిశ్శబ్దంగా ఆరాధన మానేస్తాడు. మాకు దిగులు పుట్టించేది ఆ నిశ్శబ్దమే. శిక్షణలో ఉన్నవాడు ఊరుకోడు. "నిన్నటి సారు ఇలా చెప్పారండి, మీరు వేరుగా చెబుతున్నారు, ఎందుకు?" అని నేలమీదే అడిగి తేల్చుకుంటాడు. సంఘంలో ఆ ప్రశ్న వేసినవాడిని ఎదిరించేవాడిగా చూడడం మాత్రం న్యాయం కాదు.

కొరింథువారు పౌలు వర్గమనీ అపొల్లో వర్గమనీ చీలినప్పుడు, నాటినవాడూ నీళ్లు పోసినవాడూ పనివారేననీ, పెంచేవాడు దేవుడేననీ పౌలు తేల్చి చెప్పాడు (1 కొరింథీ. 3:4-7). ఆ అపొల్లో కూడా ఒకరి దగ్గరే నేర్చుకున్నవాడు కాదు. లేఖనాల్లో ఆరితేరినా, ఎఫెసులో అకుల ప్రిస్కిల్లలు తనను చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత వివరంగా చెప్పినప్పుడు విన్నాడు (అపొ.కా. 18:24-26). అంత పండితుడు డేరాలు కుట్టే దంపతుల దగ్గర కూర్చోవడం చిన్న విషయమేమీ కాదు.

శిక్షకుడు ప్రతి పాఠం తరువాతా విద్యార్థి ఎక్కడ తడబడ్డాడో రాసిపెడతాడు, మరుసటి శిక్షకుడు అది చదివాకే హెలికాప్టరు ఎక్కుతాడు. అపొల్లో అకయకు బయలుదేరినప్పుడు కూడా, అతన్ని చేర్చుకోమని ఎఫెసు సహోదరులు అక్కడి శిష్యులకు ఉత్తరం రాసి పంపారు. వెళ్లిపోయే అయ్యగారు తన మంద గురించి రాబోయే అయ్యగారికి అలాంటి ఉత్తరం రాయడం మన సంఘాల్లో ఇంకా అరుదే.