ఎండను దాచుకునే విద్య

మా నాన్నగారికి లేహ్ బదిలీ అయినప్పుడు నేను ఏడో తరగతి. విశాఖపట్నంలో సామాను సర్దుతుంటే అమ్మమ్మ రెండు డబ్బాలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. ఒకదానిలో గుమ్మడి వడియాలు, ఇంకోదానిలో వంకాయ ఒరుగులు. "అక్కడ చలికాలం కూరగాయలు దొరకవంటున్నారు, ఇవి అట్టేపెట్టుకో" అంది.

లేహ్‌లో మా పక్కింటి పెద్దావిడను అందరూ 'అబి-లే' అనేవారు. లద్దాఖీలో ఆ మాటకు అవ్వగారు అని అర్థం. వేసవి చివర్లో ఆవిడ మిద్దె మీద ఆప్రికాట్ పళ్లు ఆరబోసేది. మా అమ్మమ్మ, అబి-లే ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. అయినా ఇద్దరికీ ఒకే సంగతి తెలుసు: ఎండ కాసినప్పుడే దాన్ని దాచుకోవాలి.

మిత్రులారా! పళ్లను, కూరగాయలను ఎండబెట్టి దాచుకోవచ్చు. మరి ఆ ఎండతో తయారైన కరెంటును దాచుకోవాలంటే?

ఎండ ఉంది, కరెంటు లేదు

లద్దాఖ్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. గాలి పలచన, ఎండ తీక్షణం. సోలార్ ప్యానెళ్లు వేడెక్కితే వాటి పనితనం తగ్గుతుంది. కాబట్టి చల్లటి గాలి, గట్టి ఎండ రెండూ ఉన్న చోటు వాటికి బాగా అనుకూలం.

2019లో శ్రీనగర్–లేహ్ లైను ద్వారా లేహ్ పట్టణం దేశపు విద్యుత్ గ్రిడ్‌తో కలిసింది. కానీ ఆ తీగలు కొండలు దాటి ప్రతి ఊరికీ, ప్రతి సైనిక శిబిరానికీ చేరలేదు. అలాంటి చోట్ల డీజిల్ జనరేటరే దిక్కు. మంచు పడి కనుమలు మూసుకుపోకముందే ఆ డీజిల్‌ను లారీల్లో చేరవేయాలి. గడ్డకట్టే చలిలో మామూలు డీజిల్ కూడా చిక్కబడి ఇంజన్లను ఆపేస్తుంది. కాలితే పొగ, అయిపోతే చీకటి. శీతాకాలపు రాత్రి అక్కడ చీకటి అంటే చదువు ఆగడం ఒక్కటే కాదు, ఆరోగ్య కేంద్రంలో పరికరాలు కూడా ఆగిపోతాయి.

ఒక రాత్రికి బ్యాటరీ

పగటి కరెంటును రాత్రికి దాచడానికి అన్నిటికన్నా తేలిక దారి బ్యాటరీ. మంచి లిథియం బ్యాటరీలో 100 యూనిట్లు దాస్తే సుమారు 90 తిరిగి వస్తాయి. ఒక రాత్రికి దీన్ని మించినది లేదు.

అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది చలి. సున్నా డిగ్రీల కంటే తక్కువలో లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే అది పాడైపోతుంది. దాన్ని వెచ్చని గదిలో ఉంచాలి. రెండోది ఖర్చు. ఒక రాత్రికి ఒక బ్యాటరీ సరిపోతే, ఐదు రోజుల మబ్బుకు ఐదు కావాలి. ఏడాదిలో ఎప్పుడో కొన్ని రోజుల అవసరం కోసం కొన్న ఆ నాలుగు బ్యాటరీలూ మిగతా కాలమంతా దాదాపు ఖాళీగానే పడి ఉంటాయి.

నెలల తరబడి హైడ్రోజన్

పదో తరగతి సైన్సు పుస్తకంలో నీటి విద్యుద్విశ్లేషణ ప్రయోగం గుర్తుందా? నీటిలోకి కరెంటు పంపితే ఒక గొట్టంలో ఆక్సిజన్, రెండో గొట్టంలో దానికి రెట్టింపు హైడ్రోజన్ చేరతాయి. 1800లో ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ చేసి చూపిన ప్రయోగమిది. 1839లో విలియం గ్రోవ్ దీన్ని తిరగేశాడు. హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులను కలిపి నీటినీ కరెంటునూ పుట్టించాడు. మొదటి పని చేసే యంత్రాన్ని ఎలక్ట్రోలైజర్ అనీ, రెండో పని చేసేదాన్ని ఫ్యూయల్ సెల్ అనీ అంటాం. మధ్యలో హైడ్రోజన్‌ను సిలిండర్లలో ఒత్తి నింపి ఉంచుతాం. అది నెలలు గడిచినా అలాగే ఉంటుంది.

ఇక్కడ లెక్క చూద్దాం. ఒక కిలో హైడ్రోజన్ తయారు చేయడానికి కనీసం 9 లీటర్ల శుద్ధమైన నీరు, 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. దాన్ని ఫ్యూయల్ సెల్‌లో వాడితే తిరిగి వచ్చేది సుమారు 16 యూనిట్లు. అంటే మూడింట రెండు వంతులు పోయినట్టే!

మరి ఇది తెలివైన పనేనా? మా అమ్మమ్మ ఒరుగులనే అడగండి. బుట్టెడు వంకాయలు ఎండితే దోసెడు ఒరుగులవుతాయి. అయినా ఆవిడ నష్టపోయిందని ఎవరూ అనరు. ఆ వంకాయలను అలాగే ఉంచితే నాలుగు రోజుల్లో కుళ్లిపోయేవి కదా! వేసవిలో ఊరి అవసరం తీరాక మిగిలే సౌర విద్యుత్తూ అంతే. దాచుకోకపోతే పూర్తిగా వృథా. పైగా ఫ్యూయల్ సెల్ నుంచి వచ్చే వేడి చలి ప్రాంతంలో గది వెచ్చబెట్టడానికి పనికొస్తుంది.

ముప్ఫై ఇళ్ల ఊరు ఒకటి ఊహించుకోండి. ఇంటికి రోజుకు 3 యూనిట్లు, అంటే ఊరికి 90. ఐదు రోజులు ఆగకుండా మంచు కురిస్తే 450 యూనిట్లు కావాలి. దానికి సుమారు 28 కిలోల హైడ్రోజన్ సరిపోతుంది. దాన్ని తయారు చేయడానికి దాదాపు 1,500 యూనిట్లు ఖర్చవుతాయి. వేసవిలో రోజుకు 100 యూనిట్లు మిగిలితే చాలు, పదిహేను రోజుల్లో నిల్వ సిద్ధం.

అందుకే నిపుణులు రెండింటినీ జోడిస్తున్నారు. రోజువారీ రాత్రికి బ్యాటరీ, గడ్డు రోజులకు హైడ్రోజన్. వంటింట్లో పెరుగూ ఉంటుంది, ఆవకాయా ఉంటుంది. ఒకటి రేపటికి, ఇంకోటి ఏడాదికి.

సింహాద్రి నుంచి చుషుల్ దాకా

ఈ కథలో మన తెలుగు నేలకూ చోటుంది. విశాఖపట్నం దగ్గర ఎన్.టి.పి.సి. సింహాద్రి జలాశయంపై 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో అక్కడి అతిథి గృహానికి హైడ్రోజన్ మైక్రోగ్రిడ్ ప్రాజెక్టును ప్రకటించారు. మైక్రోగ్రిడ్ అంటే ఒక చిన్న ప్రాంతానికి మాత్రమే కరెంటు ఇచ్చే సొంత ఏర్పాటు. పగలు తేలే ప్యానెళ్ల కరెంటుతో 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్ హైడ్రోజన్ తయారు చేయాలి. సాయంత్రం 5 గంటల నుంచి ఉదయం 7 దాకా 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ దానితో కరెంటు ఇవ్వాలి. గ్రిడ్ అందని దూరప్రాంతాలకు దారి చూపడమే దాని ఉద్దేశం.

2024లో ఎన్.టి.పి.సి., భారత సైన్యం కలిసి తూర్పు లద్దాఖ్‌లోని చుషుల్‌లో సౌర-హైడ్రోజన్ మైక్రోగ్రిడ్‌కు శ్రీకారం చుట్టాయి. సుమారు 4,400 మీటర్ల ఎత్తు, మైనస్ 30 డిగ్రీల చలి. అక్కడ డీజిల్ జనరేటర్లకు బదులు పగలూ రాత్రీ 200 కిలోవాట్ల విద్యుత్తు ఇవ్వడం లక్ష్యం.

యంత్రం ఒక్కటే చాలదు

హైడ్రోజన్ చాలా తేలికైన వాయువు. సన్నని సందు దొరికినా కారిపోతుంది. దానికి వాసన లేదు. మండితే మంట పగటి వెలుగులో కంటికి సరిగా ఆనదు. కాబట్టి గాలి ధారాళంగా ఆడే చోటు, లీకును పసిగట్టే సెన్సర్లు తప్పనిసరి. ఎలక్ట్రోలైజర్, ఫ్యూయల్ సెల్ ఇప్పటికీ ఖరీదైనవే.

వీటికన్నా పెద్ద ప్రశ్న ఇంకోటుంది. చెడిపోతే బాగుచేసేదెవరు? బ్యాటరీలు మార్చేవారు లేక, ప్యానెళ్లు మిద్దె మీద బట్టలారేసుకునే దండేలుగా మిగిలిన ఊళ్లున్నాయి. పరికరం రాజధాని నుంచి రావచ్చు, కానీ దాన్ని చూసుకునే చెయ్యి ఆ ఊరిదే అయ్యుండాలి. ఆ ఊరి అబ్బాయో అమ్మాయో ఆ పని నేర్చుకుంటేనే దీపం నిలుస్తుంది.

మనం బదిలీల పిల్లలం. మూడు నాలుగేళ్లకో కొత్త ఊరు చూస్తాం. ఈసారి కొత్త క్వార్టర్స్‌లో దిగాక ఒక పని చేయండి. సాయంత్రం 6 గంటలకు ఒకసారి, మర్నాడు ఉదయం 6 గంటలకు ఒకసారి కరెంటు మీటరు చూసి రాసుకోండి. రెండింటి తేడా ఎంతో, మీ ఇంటికి ఒక రాత్రి కోసం దాచుకోవలసిన ఎండ అంత. ఆ అంకెను ఐదుతో హెచ్చించి చూడండి. మబ్బు పట్టిన ఊరి కష్టం అప్పుడు మీకే తెలుస్తుంది.

అమ్మమ్మ ఇచ్చిన ఒరుగులు మాకు ఫిబ్రవరి దాకా వచ్చాయి. చివరి గుప్పెడు అబి-లేకు ఇచ్చాం. ఆవిడ డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వలేదు, నిండా ఎండు ఆప్రికాట్లు పోసి ఇచ్చింది.